సందర్శకురాలి సైకిలు

సంచీ సర్దేటప్పుడు నాతో ఎవరూ మాట్లాడకూడదు. ప్రతి వస్తువునూ మంచం మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ ముట్టుకుని, ఇది నాతో వెళ్తుంది, ఇది నాతో తిరిగి వస్తుంది అని మనసులో అనుకుని లోపల పెడతాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొత్తం బయటికి తీసి మళ్ళీ మొదలుపెడతాను. పక్కింటివాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. అననివ్వండి. మా ఆయన భద్రయ్య ఇనుప గనుల్లో పనికని బయలుదేరినప్పుడు ఆయన సంచీ నేనే సర్దాను. రెండు తువ్వాళ్ళు పెడితే ఒకటి చాలని ఒకటి తీసేశారు. ఆ తీసేసిన తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది.

మా ఇంట్లో గడప దాటే మనిషి "పోతున్నా" అనకూడదు. "వెళ్ళొస్తా" అనాలి. ఆయన కూడా అలాగే అన్నారు.

పోయిన జూలైలో సర్దిన సంచీ మాత్రం శుభకార్యానికి. మా మనవరాలు తన్మయికి ఆరేళ్ళు నిండుతున్నాయి. మా అమ్మాయి కుసుమ, అల్లుడు యుగంధర్ ఒక పెద్ద ప్రాజెక్టు కాలనీలో ఉంటారు. ప్రాజెక్టు పేరు రాయను, అల్లుడి జీతం అక్కడినుంచే వస్తుంది. గోదావరి ఒడ్డున చుట్టూ ఎత్తయిన గోడ, గోడకు ఒకటే గేటు, అంతవరకు చెబితే చాలు. వేసవి సెలవుల్లో తన్మయి మధిరలో మా ఇంటికి వచ్చినప్పుడు, పుట్టినరోజుకు ఏం కావాలే అని అడిగితే, సైకిలు అంది. ఎర్రది కావాలట, ముందు బుట్ట ఉండాలట, గంట ఉండాలట. అన్నీ చెప్పి, కాసేపు ఆలోచించి, "మళ్ళీ తీసుకెళ్ళిపోవుగా?" అంది. అంతకుముందు చుట్టాల పిల్ల ఒకతె కళ్ళు ఆర్పే బొమ్మ తెచ్చి, నాలుగు రోజులు ఆడించి, వెళ్తూ వెళ్తూ చంకలో పెట్టుకుని పోయిందట. "ఒకసారి ఇచ్చాక నీదే. ఇంకెవరూ తీసుకుపోరు," అని మాట ఇచ్చాను.

సైకిలు మధిర స్టేషను రోడ్డులో కొన్నాను. కొట్టతను వెనక చక్రానికి అటూ ఇటూ రెండు పిల్లచక్రాలు బిగించి, ఇక పడమన్నా పడదన్నాడు. బస్సు పైకెక్కించి తాళ్ళతో కట్టించాను. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, పైన సైకిలు ఉందో లేదో చూసుకుని ఎక్కాను. కండక్టరు మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత తర్వాత నేను లేవకముందే కిటికీలోంచి తల బయటపెట్టి, చూసి, "ఉందమ్మా" అని చెప్పడం మొదలుపెట్టాడు.

ప్రాజెక్టు గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు ఉంది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు పొట్లాల కాగితాల మీద నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని రాసి ఉన్నది ఏదైనా చివరిదాకా చదవకుండా కదలలేను. సంచీ కింద పెట్టి, ఎండలో నిలబడి మొదటి నిబంధన నుంచి చదువుతుంటే గార్డు సమ్మయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఇన్నేండ్లల్ల దాన్ని నిలబడి చదివినోళ్ళను జూడలే అమ్మా. నేను గూడ చదవలే," అన్నాడు.

పదకొండో నిబంధన ఇలా ఉంది: "సందర్శకులు తమ వెంట తెచ్చిన సమస్త వస్తువులను నిష్క్రమణ సమయమున తమ వెంటనే తీసికొని పోవలెను." అది ఎందుకని అడిగాను. ఒకప్పుడు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు వెళ్తూ వెళ్తూ ప్రాజెక్టు రాగితీగ చుట్టలు పట్టుకుపోయి, అవి మావే, మేమే తెచ్చుకున్నాం అనేవారట. అప్పటినుంచి లోపలికి వచ్చేటప్పుడే అన్నీ రాసుకుంటారట. వచ్చిందీ పోయిందీ సరిపోవాలి. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే.

నాకు చాలా నచ్చింది. ఎక్కడికి వెళ్తున్నావని అడిగే ఆఫీసులు చూశాను గానీ, వచ్చినవి క్షేమంగా తిరిగి వెళ్తున్నాయా అని ఇంత శ్రద్ధ తీసుకునే ఆఫీసు నేను ఎరుగను.

సమ్మయ్య నా సంచీ రాసుకున్నాడు, సున్నుండల డబ్బా రాసుకున్నాడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, "నాలుగున్నయి," అన్నాడు. రెండు పెద్దవి, రెండు పిల్లవి కదా నాయనా అన్నాను. చక్రం పెద్దదా చిన్నదా అని రాయడానికి పుస్తకంలో గడి లేదట. రెండు చక్రాల వాహనాలకు ఒక గడి, నాలుగు చక్రాల వాహనాలకు ఒక గడి, అంతే. ఆ విధంగా మా సైకిలు ఒక జీపుకూ ఒక నీళ్ళ ట్యాంకరుకూ మధ్యన, నాలుగు చక్రాల వాహనంగా ప్రాజెక్టులో ప్రవేశించింది.

పుట్టినరోజు బాగా జరిగింది. సైకిలుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రానికొక నిమ్మకాయ పెట్టి తొక్కించాము. తన్మయి ఆ పూట అన్నం కూడా సైకిలు మీద కూర్చునే తింది. పక్క క్వార్టరులో క్రేను నడిపే ముత్తయ్య ఉంటాడు. వాళ్ళ నాన్న నాగయ్యగారు కూడా నాలాగే చుట్టపుచూపుగా వచ్చినాయన. పొద్దస్తమానం రేడియో చెవికి ఆనించుకుని అరుగు మీద కూర్చునేవారు. "ఏమ్మా, నీ వాహనానికి టాక్సు గట్టినవా?" అని నన్ను ఎగతాళి చేసేవారు. వారం తిరక్కుండానే పిల్ల ఒరగకుండా తొక్కడం చూసి, ఇంకా ఆ పిల్లచక్రాలెందుకు, పిల్లకు సిగ్గు గాదా అని కొడుకుతో పానా తెప్పించి రెండూ విప్పించేశారు.

నా తిరుగు ప్రయాణం రోజు వచ్చింది. గేటు దాకా అందరూ వచ్చారు. తన్మయి సైకిలు మీద వచ్చింది.

సమ్మయ్య పుస్తకం తీసి డబ్బా చూపించమన్నాడు. చూపించాను. సున్నుండలేవి అన్నాడు. తిన్నారన్నాను. ఎవరు తిన్నదీ రాసి ఇవ్వాలన్నాడు. మా అల్లుడు "వినియోగింపబడినవి" అని రాసి సంతకం చేశాడు. పిల్ల, "నేను నాలుగు తిన్నా," అని చెప్పింది. అదీ రాసుకున్నాడు. తర్వాత బండి ఏదీ అన్నాడు.

అది పిల్లకు ఇచ్చేశానన్నాను. ఇవ్వడానికి గడి లేదన్నాడు. సరే, అల్లుడి పేర రాసుకోమన్నాము. పుస్తకం తిరగేసి చూసి, నాలుగు చక్రాల వాహనం ఉంచుకునే హోదా సారుకు ఇంకా రాలేదన్నాడు. ఇప్పుడు దానికి ఉన్నవి రెండే చక్రాలు, చూడు నాయనా అన్నాను. చూశాడు. చూసి భయపడ్డాడు.

"రెండు చక్రాల బండి లోపలికొచ్చినట్టు ఏడ లేదమ్మా. ఇది యాడికెళ్ళి వచ్చినట్టు?" అన్నాడు.

తన్మయి హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుంది. ఏడవలేదు. నా వంక చూసి, "అమ్మమ్మా, నువ్వు పోతే ఇది కూడా పోతుందా?" అంది.

నేను సంచీ తీసుకుని వెనక్కి వచ్చేశాను.

మర్నాడు భద్రతాధికారి పరాంకుశంగారి గదికి వెళ్ళాను. ఆయన బల్ల మీద కాగితాలు అంచులు కలిసేలా పేర్చి ఉన్నాయి. పెన్నుకు దారం, దారం బల్లకు కట్టి ఉంది. నన్ను కూర్చోమని, అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మగారూ, ఈ ప్రాజెక్టు నందు ప్రవేశించిన ఏ వస్తువూ ఇంతవరకు తన సందర్శకుని విడిచి ఉండలేదు. ఆ సంప్రదాయమును నా హయాములో భంగపడనీయజాలను," అన్నారు.

బహుమతి అని ఒకటి ఉంటుంది కదా బాబూ అన్నాను.

"ఉండవచ్చును. గేటు వద్ద లేదు," అన్నారు.

మంచి మనిషే. నాకోసం చాలాసేపు దారులు వెతికారు. సైకిలును ప్రాజెక్టుకు దానంగా ఇస్తే ఇచ్చుకోవచ్చు. అప్పుడు దానికి అంకె వేసి గోడౌనులో పెడతారు. తొక్కాలంటే తొక్కేవారికి ప్రాజెక్టులో ఉద్యోగం ఉండాలి. తుక్కుగా ప్రకటించవచ్చు. అప్పుడు వేలం వేస్తారు. అల్లుడు బయటికి తీసుకుపోయి తనదిగా మళ్ళీ తెస్తే, రసీదు నా పేర ఉంది. కొత్తది కొందామంటే పిల్లల సైకిళ్ళన్నిటికీ నాలుగు చక్రాలే. చక్రాలు తీయించి తెద్దామంటే ఉద్యోగికి ఒక్క రెండు చక్రాల వాహనానికే అనుమతి, అల్లుడికి స్కూటరు ఉంది. చివరికి ఆయన తేల్చింది ఇది: వస్తువు నాతో వెళ్ళాలి, లేదా నేను వస్తువుతో ఉండాలి. నేను ఉంటాననుకుంటే, ఒక సందర్శకురాలికి ఏడాదిలో గరిష్ఠంగా నాలుగు నెలలు పొడిగించగలరు. నవంబరు మూడో వారం దాకా సైకిలుకు ఢోకా లేదు. ఆ తర్వాత నేనూ సైకిలూ కలిసి బయటికి వెళ్ళాలి.

ఉంటానన్నాను. నాకు వెళ్ళడమంటే ఎప్పుడూ ఇష్టం లేదు.

లేవబోతూ, ఊరుకోలేక, ఒక మాట అన్నాను. "బాబూ, వస్తువుల సంగతి ఇంత బాగా చూస్తున్నారు. మనుషుల సంగతేమిటి? డబ్బా తిరిగి వెళ్ళకపోతే ఆపుతున్నారు. మనిషి వెళ్ళి తిరిగి రాకపోతే అడిగేవాళ్ళేరీ?"

పరాంకుశంగారు కళ్ళజోడు పెట్టుకుని నన్ను కొత్తగా చూశారు. దారం కట్టిన పెన్ను తీసి ఏదో రాసుకున్నారు.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది. పది రోజుల్లో సర్క్యులరు వచ్చింది. కాలనీ వాసులు ఇకమీదట గేటు దాటి వెళ్ళునపుడు తిరిగి వచ్చు తేదీ, వేళ తెలుపవలెను, ఒకరిని పూచీగా నిలుపవలెను, తిరిగి రానిచో పూచీదారు సమాధానము చెప్పవలెను. "మానవులును ప్రాజెక్టు ఆవరణకు చెందినవారే గనుక వారి విషయమున వస్తువులకన్న తక్కువ శ్రద్ధ చూపుట న్యాయము కాదు" అని చివర ఉంది. ఆ వాక్యం నాకు నచ్చి రెండుసార్లు చదివాను.

కూరగాయలకు వెళ్ళేవాళ్ళు గంట ముందు బయలుదేరి వరసలో నిలబడేవారు. కాలనీ బడి హెడ్మాస్టరుగారు పుట్టింటికి వెళ్ళిన భార్య కోసం పూచీ ఉండి, ఆవిడ రెండు రోజులు ఆలస్యం చేస్తే గేటుకు వచ్చి సంజాయిషీ రాశారు. ఆలస్యానికి కారణం అన్నచోట "అలక" అని రాయాల్సి వచ్చింది. వారానికోసారి నేను సైకిలు తోసుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళి, ఇద్దరమూ ఉన్నామని చూపించి వచ్చేదాన్ని. వస్తువుకు సందర్శకురాలు ఎప్పుడూ సమీపంలోనే ఉండాలని ఇంకొక నిబంధన ఉంది. అందుకని తన్మయి తొక్కుతుంటే నేను కొంగు దోపుకుని వెనక పరుగెత్తేదాన్ని. నాగయ్యగారు అరుగు మీదనుంచి, "ఏందమ్మా, బండిని ఎవలు తొక్కుతున్నరు, పిల్లనా నువ్వా?" అనేవారు. తన్మయికి మాత్రం సిగ్గుగా ఉండేది. స్కూటరు లేని ఇళ్ళ పిల్లలు బడికి సైకిళ్ళ మీద వెళ్తుంటే తన వెనక ఒక ముసలమ్మ రొప్పుతూ రావడం ఎవరికి బాగుంటుంది? "అమ్మమ్మా, నువ్వు మూల మలుపు దాకా రా, చాలు," అనేది. చాలదని నిబంధన.

శ్రావణంలో ముత్తయ్య కూతురు సుగుణ పెళ్ళి అయింది. ఇల్లందు సంబంధం. అప్పగింతలు అయి, కారు గేటు దగ్గరికి వచ్చేసరికి సమ్మయ్య గేటు అడ్డకర్ర దించి, అమ్మాయి తిరిగి వచ్చే తేదీ చెప్పమన్నాడు. పెళ్ళికొడుకు తండ్రికి కోపం వచ్చింది. కోడలిని తీసుకుపోతుంటే తిరిగొచ్చే తేదీ ఏంటి, ఇదేమన్నా అద్దె సామానా అన్నాడు. పదహారు రోజుల పండగకు వస్తుంది కదా, అదే రాసుకోమని పురోహితుడు సర్దిచెప్పాడు. పరాంకుశంగారు స్వయంగా వచ్చి పెళ్ళికొడుకు చేత రాయించుకున్నారు: "ఒక వధువును మంచి స్థితిలో పుచ్చుకొంటిని. మంచి స్థితిలోనే తిరిగి అప్పగింపగలవాడను." ఆ రెండో వాక్యం విని కాలనీలో ఆడవాళ్ళందరూ బాగుందన్నారు. కొంతమంది తమ పెళ్ళిళ్ళలో అది లేనందుకు నొచ్చుకున్నారు. అమ్మాయి పదహారో రోజున మంచి స్థితిలోనే వచ్చింది. సమ్మయ్య టిక్కు పెట్టాడు.

చూశావా అని కుసుమతో అన్నాను.

దసరా వెళ్ళాక నాగయ్యగారు పోయారు. రేడియోలో వార్తలు వింటూ అరుగు మీదే ఒరిగారు. శ్మశానం గేటు బయట, నది ఒడ్డున ఉంది. పాడె గేటు దగ్గరికి వచ్చింది. ముందు ముత్తయ్య నిప్పుకుండతో ఉన్నాడు. సమ్మయ్య కర్ర దించాడు గానీ తల ఎత్తలేదు.

"అన్నా, నన్నేం రాయమంటవు? తారీఖు లేంది కర్ర లేవదు," అన్నాడు.

దారిలో పాడెను ఒకసారి దించడం ఆచారమే కాబట్టి అక్కడే దించారు. అలా దించినప్పుడు, ప్రాణం ఇంకా ఎక్కడైనా ఉందేమోనన్న ఆశతో చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ముత్తయ్య వంగి, "నాయినా, నాయినా, నాయినా," అని పిలిచాడు. ఆయన పలకలేదు. పలకలేదని సమ్మయ్య పుస్తకంలో రాసుకున్నాడు. ఇంక ఏం చేయాలో తోచక, పాడె మోసేవాళ్ళందరికీ రాసినట్టే ఆయనకూ "సాయంత్రం" అని రాసి కర్ర ఎత్తాడు.

సాయంత్రానికి మోసినవాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. నాగయ్యగారు రాలేదు.

మూడో రోజున ఆయన పేర క్వార్టరుకు ఉత్తరం వచ్చింది. "తాము నిర్ణీత వేళకు తిరిగి రాకపోవుట విచారకరము. కారణములు తెలుపగలరు." ముత్తయ్యకు చదివి పెట్టింది నేనే. చదివాక ఆ కాగితం కాసేపు అలాగే పట్టుకున్నాను. అలాంటి ఉత్తరం ఒకటి మా ఆయన పేర నేను నా మనసులో ఎన్నోసార్లు రాసి ఉన్నాను. ఏ చిరునామాకు పంపాలో తెలియక ఊరుకున్నాను. వీళ్ళు ధైర్యంగా పంపారు.

ముత్తయ్య, మా నాయన చనిపోయినాడు అని జవాబు రాయించాడు. దానికి పరాంకుశంగారి నుంచి తిరుగు జవాబు వచ్చింది: "తాము పేర్కొన్నది నిష్క్రమణకు కారణము. తిరిగి రాకపోవుటకు కారణము ఇంకను తెలియరాలేదు."

ఇంతలో ఇంకొక చిక్కు బయటపడింది. నాగయ్యగారు సందర్శకుడు. రేడియో, చేతికర్ర ఆయన వెంట వచ్చిన వస్తువులు. పదకొండో నిబంధన ప్రకారం అవి ఆయనతోనే వెళ్ళి ఉండాల్సింది. కొడుకు అరుగు మీద కూర్చుని తండ్రి రేడియో వింటుండగా గార్డులు వచ్చి పట్టుకుపోయారు. ముత్తయ్య ఆ రోజు క్రేను పైకి ఎక్కి దిగనన్నాడు. పైనుంచి అరిచిన మాటలు ఇక్కడ రాయను. ప్రాజెక్టు పని ఒక పూట ఆగింది. మనుషుల సంగతి ఎలా ఉన్నా క్రేను ఆగితే హైదరాబాదుకు తెలుస్తుంది కాబట్టి, పరాంకుశంగారు ప్రధాన కార్యాలయాన్ని వివరణ కోరారు.

వివరణ నోటీసు బోర్డు మీద అంటించారు. చివరిదాకా చదివాను. "ఏ సందర్శకుడైనను నిష్క్రమించి తిరిగిరానివాడని నిర్ధారణ అయినచో, అతడు విడిచిన వస్తువులు ఏ క్వార్టరు నందు నిలిచిపోయినవో ఆ క్వార్టరు వారికి చెందును." ముత్తయ్యకు రేడియో తిరిగి వచ్చింది. తండ్రి పెట్టిన స్టేషను మార్చకుండా అదే పెట్టుకుని వినేవాడు.

అప్పటికి నా గడువు ఇంకొక వారం ఉంది. నోటీసు దగ్గరనుంచి తిన్నగా పరాంకుశంగారి గదికి వెళ్ళాను. ఇది సైకిలుకు వర్తిస్తుందా అని అడిగాను. ఆయన నిబంధన తీసి మళ్ళీ చదువుకున్నారు. ముఖం విప్పారింది. నా సమస్య ఆయన్ని కూడా ఇన్నాళ్ళూ బాధపెట్టిందని అప్పుడు తెలిసింది.

"నిస్సందేహముగా వర్తించును. అమ్మగారూ, మీరు మరణించవలసిన అవసరము కూడా లేదు. తిరిగి రాకుండిన చాలును," అన్నారు.

ఎన్నాళ్ళు రాకుండా ఉండాలన్నాను.

"తిరిగిరాని సందర్శకురాలు అనుటలో కాలపరిమితి ఏమియు లేదు. ఒక్క పర్యాయము గేటు లోపల అడుగిడినను వాహనము మరల మీ వెంట తెచ్చినదగును. ఆపై మీతోనే పోవలెను."

ఒక కాగితం ఇచ్చి వాగ్దానం రాయమన్నారు. రాసి సంతకం చేశాను. దారం పొట్టిదవడంవల్ల బల్ల మీదికి వంగి చేయాల్సి వచ్చింది.

ఇంట్లో చెబితే కుసుమ గిన్నె చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయింది. "సైకిలు కోసం నువ్వు మా ఇంటికి రాకుండా ఉంటావా అమ్మా? తీసుకుపో దాన్ని. పిల్ల నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది," అంది. మర్చిపోతారని నాకు నమ్మకం లేదు. తీసేసిన తువ్వాలు సంగతి దానికి చెప్పలేదు. మా అల్లుడు, మేమే మధిర వస్తాం అత్తయ్యా, పాసులు తీసుకుని, పూచీలు పెట్టుకుని వస్తాం అన్నాడు. రండి అన్నాను. ఎప్పుడు వచ్చినా మీరు తేదీ వేసుకుని వచ్చి, తేదీకి వెళ్ళిపోవాల్సినవాళ్ళే కదా అని మాత్రం అనలేదు.

తన్మయికి ఒక్కటే చెప్పాము. సైకిలు ఇక దానిదే, ఎవరూ తీసుకుపోరు, అమ్మమ్మ కూడా వెనక పరుగెత్తదు. అది ఎగిరి గంతేసింది. ఆ సాయంత్రం మూల మలుపు దాటి, బడి దాటి, నేను ఎప్పుడూ చూడని రోడ్డు మీదికి వెళ్ళి వచ్చింది.

శుక్రవారం పొద్దున సంచీ సర్దాను. ఎవరూ మాట్లాడలేదు. ప్రతి వస్తువునూ మంచం మీద పరిచి, ముట్టుకుని, ఇది నాతో వెళ్తుంది అనుకుని లోపల పెట్టాను. రెండో మాట అనుకోవాల్సిన పని లేకపోవడంతో తొందరగా అయిపోయింది. రెండు తువ్వాళ్ళు ఉన్నాయి. ఒకటి చాలనిపించింది. రెండోది తీసి కుసుమ మంచం మీద పెట్టాను.

గేటు దగ్గర పరాంకుశంగారు స్వయంగా నిలబడి ఉన్నారు. వివరణ కింద ఇది మొదటి కేసు కావడంవల్ల దగ్గరుండి చూస్తానన్నారు. సమ్మయ్య సంచీ చూశాడు, ఖాళీ డబ్బా చూశాడు, సైకిలు వంక చూడలేదు. పుస్తకం తెరిచి, గొంతు తగ్గించి నాతో అన్నాడు:

"అమ్మా, ఒక్క మాట. పోయేటప్పుడు పోయొస్త అనకు. సారు ఈడనే ఉన్నడు. అంటే తిరిగొచ్చే ఉద్దేశం ఉందని నేను రాయాలె. బండి పోతది."

సరే నాయనా అన్నాను.

కర్రకు అవతల తన్మయి సైకిలు మీద కూర్చుని, ఒక కాలు నేలకు ఆనించి ఉంది. బుట్టలో బడి టిఫిను డబ్బా ఉంది. "అమ్మమ్మా, మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది. సమ్మయ్య పెన్ను పట్టుకుని ఆగాడు. పరాంకుశంగారు నా ముఖం చూశారు. కుసుమ పక్కకు తిరిగింది.

"పోతున్నా," అన్నాను.

తన్మయి టాటా చెప్పడానికి బదులు గంట మోగించింది. బస్సు వచ్చేదాకా మోగిస్తూనే ఉంది.

సమ్మయ్య రాస్తున్నప్పుడు నేను పుస్తకాన్ని ఎదురునుంచి, తలకిందులుగా చదివాను. రాసి ఉన్నది ఏదైనా చివరిదాకా చదవకుండా కదలలేను. నాలుగు చక్రాల వాహనం ఒకటి ఆ క్వార్టరు వారికి చెందింది. సందర్శకురాలు సీతారావమ్మ, మధిర, నవంబరు ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు వెళ్ళింది. తిరిగి రాలేదు.